‘కల్టివేట్’ అనే మాట చేను చుట్టి వచ్చిన దారి

సభకు నమస్కారం. వ్యవసాయ విద్యార్థులైన మీకు నేను పంటల గురించి చెప్పగలిగింది తక్కువ. కానీ మీ పాఠ్యపుస్తకాల్లో దాదాపు ప్రతి పుటలోనూ కనబడే ఒక ఇంగ్లీషు క్రియ గురించి మాత్రం ఈ గంటసేపు మాట్లాడతాను. ఆ క్రియ ‘కల్టివేట్’. ఇది మన ఊళ్లకు కొత్త మాటేమీ కాదు. ట్రాక్టరు వెనక తగిలించే ఇనుప పళ్ల పనిముట్టును ఏ రైతునైనా అడిగి చూడండి, ‘కల్టివేటర్’ అనే చెబుతాడు. ‘విత్తే ముందు రెండుసార్లు కల్టివేటర్ కొట్టించాను’ అంటాడు. బడి గుమ్మం తొక్కని వాళ్ల నోట కూడా ఇంత సహజంగా పలుకుతున్న ఈ మాట ఎక్కడ పుట్టింది, ఏ దారిన నడిచి మన దుక్కిలోకి వచ్చింది, వచ్చేటప్పుడు దారిలో ఏమేమి వెంటబెట్టుకుంది అన్నదే ఇవాళ్టి విషయం.

ఇంగ్లీషులో ఈ క్రియకు రెండు వరసల అర్థాలున్నాయి. నేలను దున్ని, విత్తి, కలుపు తీసి పంట పండించడం మొదటి వరస. స్నేహాన్ని పెంచుకోవడం, మంచి అలవాటును అలవరచుకోవడం, బుద్ధిని సానబెట్టుకోవడం రెండో వరస. పొలం అర్థం అసలుదనీ, మనసు అర్థాన్ని కవులెవరో తర్వాత అలంకారంగా తగిలించారనీ సాధారణంగా అనుకుంటాం. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. నిఘంటువుల్లో వెనక్కి నడుస్తూ పోతే మాత్రం తేలేది వేరు. ఈ రెండూ ఒకే మూలం నుంచి, దాదాపు జంటగా పుట్టాయి.

ఇంగ్లీషులో ఈ మాట 17వ శతాబ్దం తొలినాళ్లలో, 1620 ప్రాంతం నుంచి కనబడుతుంది. మధ్యయుగాల లాటిన్‌లోని ‘కుల్తివారె’ దీనికి ఆధారం. దాని వెనక ప్రాచీన లాటిన్‌లో ‘కొలెరె’ అనే క్రియ, ‘సాగైన’ అన్నట్టు అయిపోయిన పనిని చెప్పే దాని నిష్ఠాంత రూపం ‘కుల్తుస్’ ఉన్నాయి. ఈ ‘కొలెరె’ దగ్గర కాసేపు ఆగాలి. రోమన్లు దీన్ని నాలుగు పనులకు వాడారు: పొలాన్ని సాగుచేయడం, ఒక చోట కాపురముండడం, దేవుణ్ణి కొలవడం, ఒకరిని ఆదరించి వారితో మైత్రి నిలుపుకోవడం. ‘దేవుణ్ణి కొలవడం’ అన్నప్పుడు మన ‘కొలుచు’కూ లాటిన్ ‘కొలెరె’కూ చుట్టరికముందేమోనని మనసు తొందరపడుతుంది. వద్దు. చెవికి ఒకటిగా వినబడినంత మాత్రాన మాటలు చుట్టాలైపోవు. ఆ సంగతి మళ్లీ వస్తుంది.

ఒకే క్రియ ఇన్ని పనులు ఎలా చేసింది? దీనికి మంచి సాక్ష్యం ఒక రైతు పుస్తకంలో ఉంది. క్రీస్తుపూర్వం 160 ప్రాంతంలో కేటో అనే రోమన్ పెద్దమనిషి వ్యవసాయం మీద ఒక పుస్తకం రాశాడు. లాటిన్ వచనంలో సంపూర్ణంగా మనకు దక్కిన గ్రంథాల్లో అదే అన్నిటికంటే పాతది. అందులో శైలి కోసం ఎక్కడా ప్రయాస కనబడదు, అంతా పని గురించిన మాటే. ‘పొలాన్ని బాగా సాగుచేయడమంటే ఏమిటి?’ అని తనే ప్రశ్న వేసుకుని, ‘బాగా దున్నడం’ అంటాడు. రెండోది ఏమిటంటే, ‘దున్నడం’. మూడోది, ‘ఎరువు వేయడం’. ఈ ప్రశ్నలో ఆయన వాడిన క్రియ ‘కొలెరె’యే. మంచివాణ్ణి పొగడాలంటే మన పూర్వులు ‘మంచి రైతు, మంచి సేద్యగాడు’ అని పొగిడేవారని కూడా ఆ పుస్తకం తొలి మాటల్లోనే రాసుకున్నాడు.

నన్ను ఎక్కువగా ఆపేసింది మరో వాక్యం. ఇంటి యజమాని తన పొలానికి వెళ్లినప్పుడు ముందు ఏం చేయాలో చెబుతూ, ఇంటి దైవానికి నమస్కరించాక, వీలైతే ఆ రోజే, కాకపోతే మర్నాడు, పొలం చుట్టూ ఒకసారి తిరిగి రావాలి అంటాడు. ముందు దేవుడికి దండం, తర్వాత పొలం చుట్టూ నడక. ‘కొలెరె’కు ఉన్న రెండు ముఖ్యార్థాలు ఆ ఒక్క వాక్యంలో ఒకదాని వెంట ఒకటి నడుస్తున్నాయి.

ఈ వాక్యం చదివినప్పుడు నాకు మా నాన్నగారు గుర్తుకొచ్చారు. తెల్లవారుజామున నూతి దగ్గర చెంబుడు నీళ్లతో మొహం కడుక్కుని, తూర్పుకు తిరిగి దండం పెట్టుకుని, కండువా భుజాన వేసుకుంటూ ‘ఒకసారి చేను చుట్టి వస్తా’ అని బయలుదేరేవారు. చిన్నప్పుడు నేనూ వెంట వెళ్లేవాణ్ణి. అక్కడ ఆయన చేసే పని ఏమీ ఉన్నట్టు కనబడేది కాదు. గట్టు మీద నడుస్తూ ఒకచోట ఆగి వంగేవారు. ఎండ్రకాయ తొలిచిన బొక్కలోంచి మడిలోని నీళ్లు పక్క కయ్యలోకి సన్నగా జారిపోతుంటే, గట్టు పక్క నుంచి పిడికెడు బురద తీసి దాంట్లో కుక్కి, మడమతో రెండుసార్లు అదిమేవారు. ఇంకోచోట ఒక్క ఊద మొక్కను పీకి, వేరు దులిపి, గట్టు మీద పడేసేవారు. తిరిగి వచ్చాక అమ్మ ఎక్కడికెళ్లారని అడిగితే ‘చేను చూసొచ్చా’ అనేవారు తప్ప పని చేశానని ఏనాడూ అనలేదు. సాగులో ఎక్కువ భాగం ఈ చుట్టూ తిరగడమేనని నాకు అర్థమైంది మాత్రం భాషాశాస్త్రం చదువుకున్నాక.

ఎందుకంటే ‘కొలెరె’కు అడుగున ఉన్న ధాతువుకు అర్థమే చుట్టూ తిరగడం. ఐరోపా భాషలకూ సంస్కృతానికీ ఉమ్మడి తల్లి అయిన మూలభాషలో ఆ ధాతువును పండితులు ‘క్వెల్’ అని పునర్నిర్మించారు. తిరగడం, మెసలడం, ఒకదాని చుట్టూ సంచరించడం దాని భావం. ఒక చోట మళ్లీ మళ్లీ తిరిగేవాడు అక్కడివాడవుతాడు, అది కాపురం. నేల చుట్టూ తిరిగేవాడు దాన్ని బాగుచేస్తాడు, అది సాగు. గుడి చుట్టూ, మనిషి చుట్టూ ఆదరంతో తిరిగితే అది పూజ, స్నేహం. నాలుగు అర్థాలూ ఈ నడకలోంచే పుట్టాయి.

ఈ ధాతువు సంతానం సంస్కృతం ద్వారా మన తెలుగులోకి కూడా వచ్చింది. మూలభాషలోని ‘క్వె’ ధ్వని సంస్కృతంలో ‘చ’గా మారుతుంది. నాలుగు అన్న అంకెకు సంస్కృతంలో ‘చతుర్’ అనీ లాటిన్‌లో ‘క్వత్తువోర్’ అనీ ఉండటం దీనికి తేలికైన ఉదాహరణ. ‘ల’ స్థానంలో ‘ర’ రావడం సంస్కృతంలో మామూలే. అలా ‘క్వెల్’ అన్నది ‘చర్’ అయింది: చరించు, సంచారం, ఆచారం, ప్రచారం. అదే ధాతువును ద్విరుక్తం చేస్తే, అంటే దాని మొదటి ధ్వనిని రెండుసార్లు పలికితే, సంస్కృతంలో ‘చక్రం’, గ్రీకులో ‘కుక్లోస్’, ఇంగ్లీషులో ‘వీల్’ వచ్చాయి. ఆ గ్రీకు మాటే మన సైకిల్‌కు మూలం. కల్టివేటర్‌కూ, దాన్ని లాగే ట్రాక్టరు చక్రానికీ, ఆ చక్రం అన్న మాటకూ ఒకటే వంశమన్నమాట.

వీటిలో రెండు మాటల్ని ప్రత్యేకంగా చూపాలని ఉంది. మొదటిది పరిచర్య. పరి అంటే చుట్టూ, చర్య అంటే తిరగడం. మంచం పట్టినవారి చుట్టూ తిరుగుతూ కావలసినవి చూసేవాడు పరిచారకుడు. గ్రీకులో సేవకురాలిని ‘ఆంఫిపొలోస్’ అంటారు; ‘ఆంఫి’ అంటే చుట్టూ, ‘పొలోస్’ మళ్లీ మన ధాతువే. ఒకరినొకరు చూసుకోకుండానే రెండు జాతులు సేవ అనే భావాన్ని ఒకే విధంగా, చుట్టూ తిరగడంగా ఊహించాయి. రెండోది గోచరం. గోవులు తిరిగి మేసే చోటు గోచరం. ఆవులు ఎంతదూరం తిరగగలవో అంతవరకు గోచరం. అక్కణ్ణుంచి మన కళ్లు, చెవులు ఎంతవరకు తిరగగలవో అంతవరకు కూడా గోచరమే అయింది. ‘దూరంగా ఏదో గోచరించింది’ అని రాసే ప్రతిసారీ మనం ఒక పచ్చిక బీడును తలచుకుంటున్నాం. గ్రీకులో గోపాలకుణ్ణి ‘బూకొలోస్’ అంటారు. ‘బూ’ మన ‘గో’యే, ‘కొలోస్’ మన ‘చరుడే’. గ్రామజీవనాన్ని వర్ణించే కవిత్వానికి ఇంగ్లీషులో ఉన్న ‘బ్యుకాలిక్’ అనే విశేషణం ఆ ఆవులమంద వెంట వచ్చిందే.

ఇక్కడ ఒక హద్దు గీయాలి. సంస్కృతం, లాటిన్, గ్రీకు ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని 1786లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో విలియం జోన్స్ ప్రకటించినప్పుడు, దక్షిణాది భాషలు కూడా సంస్కృతం బిడ్డలేననే నమ్మకం పండితుల్లో గట్టిగానే ఉంది. 1816లో ఏ.డి. క్యాంప్‌బెల్ ప్రచురించిన తెలుగు వ్యాకరణానికి రాసిన వ్యాసంలో మద్రాసు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ తెలుగు ధాతువులను సంస్కృత ధాతువుల పక్కన పెట్టి చూపి, తెలుగుకు తమిళ, కన్నడాలతో ఉన్నదే అసలు చుట్టరికమని నిరూపించాడు. కాబట్టి చక్రం, పరిచర్య, గోచరం మనం తెచ్చుకున్న మాటలు. దున్ను, విత్తు, కోయు, నాగలి కట్టిన ‘ఏరు’ మన సొంత మాటలు, వాటి పుట్టుక వేరు. జ్యేష్ఠ పౌర్ణమినాడు ఎద్దులను కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, పూజచేసి మొదటి చాలు దున్నే ఏరువాక పండగలో పూజా, దుక్కీ ఒకే ఉదయం జరుగుతాయి. రోమన్లు ఒక క్రియలో కూర్చిన భావాన్ని మనవాళ్లు ఒక పండగలో కూర్చారు. పొలం శుద్ధికి పందిని, గొర్రెను, ఎద్దును పొలం చుట్టూ నడిపించి మార్స్ దేవుణ్ణి ప్రార్థించాలని కేటో రాశాడు. జాతరనాడు పొలి అన్నం చల్లుతూ ఊరి పొలిమేర చుట్టివచ్చే మన పల్లెవాళ్లకు ఆ తంతు వివరించాల్సిన పనే ఉండదు.

‘కొలెరె’ పిల్లలందరికీ ఒకే రకమైన బతుకు దక్కలేదు. పూజ అర్థం నుంచి ‘కల్ట్’ వచ్చింది. మొదట గౌరవంగానే ఉన్న ఆ మాట ఇవాళ గుడ్డినమ్మకంతో ఒక వ్యక్తి వెంట నడిచే ముఠాకు పేరైంది. సాగు, కాపురం అర్థాలు కలిసి ‘కొలోనుస్’ అయ్యాయి. కొలోనుస్ అంటే భూమి దున్నుకుని అక్కడే ఉండేవాడు. అటువంటి వాళ్లను రోమ్ తాను గెలిచిన నేలల మీద స్థిరపరిస్తే ఆ ఊరు ‘కొలోనియా’. క్రీస్తుశకం 50లో రైన్ నది ఒడ్డున ఆ హోదా పొందిన ఊరికి నేటికీ అదే పేరు మిగిలింది, జర్మనీలోని కొలోన్. ఇంగ్లండులోని లింకన్ పేరులో చివరి అక్షరాలు కూడా కొలోనియా శకలమే. ఎవరి నేల మీద ఎవరు సాగుచేశారన్న ప్రశ్నను ఈ మాట చాలాకాలం దాచిపెట్టింది. వలస పాలన అనుభవించిన మనకు ఆ ప్రశ్న ఏమిటో బాగా తెలుసు.

ఆ దున్నేవాడి గతి కూడా మంచిగా సాగలేదు. సామ్రాజ్యం చివరి శతాబ్దాల్లో కొలోనుస్ అంటే పెద్ద భూస్వామి కింద పొలం చేసుకునే పేద రైతు. పారిపోయిన కొలోనుస్‌ను వెనక్కి అప్పగించాలనీ, పారిపోవాలని చూసేవాణ్ణి సంకెళ్లు వేసి ఉంచవచ్చనీ 332లో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి శాసనం చేశాడు. ఒకప్పుడు ‘మంచి సేద్యగాడు’ అని పొగడ్తకు పనికొచ్చిన మాట చివరికి నేలకు కట్టిపడేసిన మనిషికి పేరైంది. కొలోనుస్ అనగానే మన ‘కౌలు’ చెవిలో మోగవచ్చు. అదీ పోలికే, చుట్టరికం కాదు. కౌలు అరబ్బీ నుంచి వచ్చింది, అక్కడ దానికి ‘మాట’ అని అర్థం. కౌలు అంటే భూమి యజమానికీ రైతుకూ మధ్య ఇచ్చిపుచ్చుకున్న మాట. కాగితం మీదికి ఎక్కని ఆ మాట మీద బతుకుతున్న మన కౌలు రైతులను తలచుకుంటే ఆ పుట్టుక ఎంత సరైనదో తెలుస్తుంది.

మన ఊళ్లలో ‘కాలనీ’ అంటే ఇళ్ల వాడ. అందులో దుక్కి లేదు, దండయాత్ర లేదు, కాపురం ఒక్కటే మిగిలింది. గుంటూరు, కృష్ణా ప్రాంతాల నుంచి కర్ణాటకలోని తుంగభద్ర ఆయకట్టుకు వెళ్లి, సింధనూరు, గంగావతి వైపు భూములు కొనుక్కుని సాగుచేసుకున్న తెలుగు రైతుల ఊళ్లను ‘క్యాంపు’లంటారు. కొలోనుస్ మొదటి అర్థానికి, అంటే దున్నుకుంటూ అక్కడే ఉండిపోయేవాడికి, వాళ్లే దగ్గరగా నిలుస్తారు.

ఇక మనసు అర్థం సంగతి. క్రీస్తుపూర్వం 45 ఫిబ్రవరిలో రోమన్ వక్త, రచయిత సిసిరో కూతురు తుల్లియా చనిపోయింది. ఆ ఏడాదే ఆయన దుఃఖం గురించీ మరణం గురించీ రాసిన తాత్విక సంవాదాల్లో, ఎంత సారవంతమైన పొలమైనా సాగు లేకపోతే ఫలించనట్టే చదువు లేని మనసు కూడా ఫలించదని చెప్పి, తత్వచింతనే మనసుకు ‘కుల్తూరా’, అంటే సాగు అన్నాడు. ఈ పోలికను ఉదహరించేవాళ్లు చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. తర్వాతి మాట ఇంకా ముఖ్యమని నేననుకుంటాను. ఆ సాగు దోషాలను వేళ్లతో సహా పెకలించి, విత్తనం అందుకోవడానికి మనసును సిద్ధం చేస్తుందని ఆయన అంటాడు. వేళ్లతో సహా అన్నమాటలో కలుపు తీసిన చేతి అనుభవం ఉంది. పైపైన కోస్తే గరిక మళ్లీ లేస్తుందని తెలిసినవాడే ఆ మాట వాడగలడు. ‘కల్చర్’ అన్న మాటకు ఇవాళ ఉన్న విస్తారమైన అర్థానికి ఇది బీజం.

ఈ క్రియ రాకముందు ఇంగ్లీషువాళ్లు దుక్కిని ఏమనేవారు? వాళ్ల పాత మాట ‘టిల్’. దాని ప్రాచీన రూపం ‘తిలియన్’కు మొదటి అర్థం ప్రయాసపడటం, ఒకదాన్ని సాధించాలని పూనుకోవడం. లక్ష్యం అని అర్థమిచ్చే జర్మన్ మాట ‘త్సీల్’ దీనికి చుట్టం. ఇంకో మాట ‘మెన్యూర్’. ఇవాళ అది ఎరువు; పూర్వం అది క్రియ, చేతులతో పనిచేయడమన్న అర్థంలోంచి వచ్చి భూమిని సాగుచేయడానికి వాడుకలో ఉండేది. సాగు మొత్తానికి పేరైన మాట కుంచించుకుపోయి అందులో ఒక భాగానికి, కేటో మూడోదిగా చెప్పిన పనికి, పేరుగా నిలిచింది.

‘టిల్’ను జాగ్రత్తగా చూడండి. ప్రయత్నం అన్న అర్థం నుంచి పొలంలోకి దిగిన మాట అది. ‘కల్టివేట్’ ఇంగ్లీషులో పొలం నుంచి ప్రయత్నంలోకి నడిచింది. ఈ రెండు దారులూ తెలుగులో పక్కపక్కనే ఉన్నాయి, మనమే గమనించం. కృషి, వ్యవసాయం అన్న రెండు మాటలూ సంస్కృతం నుంచి తెచ్చుకున్నవే. ‘కృష్’ ధాతువుకు లాగడం, నాగలి లాగడం అని అర్థం. కృషి అంటే అసలు దుక్కే. తెలుగులో ఇవాళ ‘భాషాభివృద్ధికి ఆయన ఎంతో కృషి చేశారు’ అంటాం, దుక్కి ఎవరికీ తోచదు. వ్యవసాయం అన్నదానికి అసలు అర్థం దృఢనిశ్చయం, పూనిక. భగవద్గీత రెండో అధ్యాయంలో ‘వ్యవసాయాత్మికా బుద్ధిః’ అన్నచోట పొలం ఊసే లేదు, చలించని నిశ్చయం గురించే చెప్పారు. హిందీలో ‘వ్యవసాయ్’ అంటే నేటికీ వృత్తి, వ్యాపారం. మనం మాత్రం ఆ మాటను తెచ్చి పొలంలో నిలబెట్టాం. దుక్కి అన్న మాట ప్రయత్నమైంది, ప్రయత్నం అన్న మాట దుక్కి అయింది. పూనిక అంటే ఏమిటని అడిగితే తెలుగువాడికి ముందు తట్టింది సేద్యమే అయి ఉండాలి. నాకిది మన భాష చెప్పిన గొప్ప సాక్ష్యంగా తోస్తుంది.

‘కల్చర్’కు మాటను వెతుక్కునేటప్పుడు మన దేశంలో ఈ పొలం సంగతి మీద చిన్న వివాదమే నడిచింది. బెంగాలీలో దుక్కి ధాతువుతోనే ‘కృష్టి’ అని వాడుతుంటే రవీంద్రనాథ్ ఠాగూర్‌కు అది నచ్చలేదు, ఆయన సంస్కృతి అన్నదాన్నే సమర్థించారు. తెలుగులోనూ సంస్కృతే నిలిచింది. సంస్కృతి అంటే చక్కగా తీర్చిదిద్దింది. అది శిల్పి చేతిపనిని చెప్పే మాట, అందులో మట్టి లేదు. శిల్పి చెక్కడం ముగించి ఉలి పక్కన పెట్టవచ్చు. రైతు వచ్చే కార్తెకు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఠాగూర్ పక్షాన నిలిచిన సొగసును కాదనను గాని, ఈ తేడా వల్ల కొంత నష్టం జరిగిందని నా అభిప్రాయం.

ఆ నష్టాన్ని కొంతవరకు పూడ్చిన మాట ఒకటి మీ వ్యవసాయ కరపత్రాల్లోనే ఉంది: అంతరకృషి. పైరు సాళ్ల మధ్య గుంటక గాని దంతె గాని తోలి కలుపు నరికి, పైమట్టిని గుల్ల చేయడాన్ని అలా అంటారు. పత్తి చేలో ఇది చూడండి. రెండు సాళ్ల మధ్య గుంటక పాస నేలలోకి రెండు మూడు అంగుళాలు దిగి నడుస్తుంటే, గట్టిపడిన పెంకు పగిలి నేల తెరుచుకుంటుంది, తెగిన కలుపు వేళ్లు పైకి తేలి మధ్యాహ్నానికి ఎండకు వాడిపోతాయి. ఎద్దు కాలు పత్తి మొక్క మీద పడకుండా రైతు అడుగడుగునా చూసుకుంటాడు. మనసు గురించి సిసిరో చెప్పింది ఈ పనినే. అంతరకృషి అన్న మాటను మొదట కూర్చిన అనువాదకుడు ఎవరో గాని, లోపల చేసే కృషి అన్న రెండో అర్థం కూడా అందులో పలుకుతుందని గమనించే ఉంటాడని నాకు నమ్మకం.

చివరిగా మీకొక పని అప్పగిస్తాను. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తిపదకోశాన్ని తలపెట్టినప్పుడు, మొదటి సంపుటాన్ని వ్యవసాయ పదాలకే కేటాయించి, జిల్లా జిల్లాలో రైతుల నోట విన్న మాటలతో 1962లో వెలువరించారు. అప్పుడు నాగలి ఉంది, మోట ఉంది. ఇప్పుడు రోటవేటరు, డ్రిప్పు పైపులు, మందు కొట్టే డ్రోన్లు ఉన్నాయి. వాటి చుట్టూ రైతులు రోజూ కొత్త మాటలు కూరుస్తున్నారు, వాటిని ఎవరూ పూర్తిగా పోగుచేయలేదు. క్షేత్రానుభవం కోసం మీరు పల్లెలకు వెళ్లినప్పుడు చిన్న పుస్తకం ఒకటి జేబులో పెట్టుకోండి. సాలు చివర నాగలి తిప్పడాన్నీ, అదే చోట ట్రాక్టరు తిప్పడాన్నీ ఏమంటున్నారో, గట్టు బొక్క పూడ్చడాన్ని ఏమంటున్నారో, ఏ పనీ లేకుండా చేను చుట్టి రావడానికి మీ మండలంలో ఏ మాట ఉందో, ఊరి పేరుతో సహా రాసుకోండి. సంక్రాంతి సెలవుల తర్వాత నేను మళ్లీ వస్తాను, అవన్నీ తీసుకుని రండి.